పది సెకన్ల గడప: సు బింగ్‌తియాన్ పరుగు జీవితం – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

చైనాకు చెందిన సు బింగ్‌తియాన్ 2021 టోక్యో ఒలింపిక్స్ నూరు మీటర్ల సెమీఫైనల్‌లో 9.83 సెకన్ల కాలంతో ఆసియా రికార్డు నెలకొల్పారు. ఈ ఘటనను 'జాతి పరిమితిని జయించిన' కథగా చెప్పడం చైనా పత్రికల్లోనూ, బయటి పత్రికల్లోనూ వాడుకగా మారింది. ఆ కథనం ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. లియు చాంగ్‌చున్ (1932), ఛెన్ జియాచ్వాన్ (1965)ల అనుభవాల నేపథ్యంలో సు పరుగు జీవితాన్ని చూసినప్పుడు, రికార్డు అనేది శరీరం ఒక్కటే సాధించేది కాదనీ, గడియారం, పౌరసత్వం, సంస్థల గుర్తింపు కలిసి దానిని నిర్ణయిస్తాయనీ తెలుస్తుంది.

కీలక పదాలు: చైనా క్రీడాచరిత్ర, నూరు మీటర్ల పరుగు, సు బింగ్‌తియాన్, లియు చాంగ్‌చున్, ఆసియా రికార్డు, జాతి భావన.

ఉపోద్ఘాతం

2021 ఆగస్టు 1వ తేదీ సాయంత్రం టోక్యో జాతీయ స్టేడియంలో పురుషుల నూరు మీటర్ల పరుగు మూడవ సెమీఫైనల్ జరిగింది. మహమ్మారి కారణంగా ప్రేక్షకుల ఆసనాలన్నీ ఖాళీగా ఉన్నాయి. పందెం ముగిసినప్పుడు ముందు నిలిచినది అమెరికాకు చెందిన రోనీ బేకర్ కాదు, ఆ రాత్రి విజేత కాబోతున్న ఇటలీ క్రీడాకారుడు మార్సెల్ జేకబ్స్ కూడా కాదు. ఒక మీటరు డెబ్బై రెండు సెంటీమీటర్ల ఎత్తున్న, ముప్ఫై రెండవ ఏట అడుగుపెట్టడానికి నెల రోజుల దూరంలో ఉన్న ఒక విశ్వవిద్యాలయ అధ్యాపకుడు. కాలం 9.83 సెకన్లు. బేకర్‌కూ అదే కాలం నమోదైంది, కానీ ఫోటో ఆధారంగా సు ముందున్నారు. జేకబ్స్ 9.84తో మూడవ స్థానంలో నిలిచారు.

పేరు గురించి ఒక మాట. చైనీయుల పేర్లలో మనకు మాదిరిగానే ఇంటిపేరు ముందు వస్తుంది. 'సు' ఇంటిపేరు, 'బింగ్‌తియాన్' పెట్టిన పేరు. ఆంగ్ల పత్రికలను అనుసరించి తెలుగు పత్రికలు కొన్నిసార్లు దీనిని తారుమారు చేస్తున్నాయి. తెలుగువారికి ఆ అవసరం లేదు.

సు విజయం గురించి అప్పటినుంచి వెలువడిన రాతల్లో ఒకే కథ మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది: ఆసియా శరీరానికి సాధ్యం కాదని లోకం అనుకున్న దానిని ఒక ఆసియన్ సాధించాడు. ఈ కథలో ఉత్సాహం ఉంది, కొంత సత్యమూ ఉంది. కాని చరిత్ర విద్యార్థికి ఇందులో రెండు సందేహాలు కలగాలి. సాధ్యం కాదని ఎవరు అన్నారు, ఏ ఆధారంతో అన్నారు అన్నది మొదటిది. 'ఆసియన్' అనే మాటకు ఇక్కడ అర్థమేమిటన్నది రెండవది. ఈ రెండు సందేహాలకూ సమాధానం వెదకాలంటే టోక్యో నుంచి ఎనభై తొమ్మిదేళ్ళు వెనక్కు వెళ్ళాలి.

1932: ఓడలో వెళ్ళిన ఒక్కడు

చైనా తరఫున ఒలింపిక్స్‌లో పోటీపడిన తొలి క్రీడాకారుడు ఒక స్ప్రింటరే. పేరు లియు చాంగ్‌చున్. స్వస్థలం ఈశాన్య చైనాలోని దాలియాన్ ప్రాంతం. 1931 సెప్టెంబరులో జపాన్ సైన్యం మంచూరియాను ఆక్రమించింది. 1932లో అక్కడ 'మంచుకువో' అనే కీలుబొమ్మ రాజ్యం ఏర్పడింది. ఆ రాజ్యం తన అస్తిత్వానికి అంతర్జాతీయ గుర్తింపు వెదుక్కుంటూ, లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో తమ ప్రతినిధిగా లియు పరుగెత్తుతాడని ప్రకటించింది. లియు పత్రికా ముఖంగా దానిని తిరస్కరించారు. తాను చైనావాడిననీ, కీలుబొమ్మ రాజ్యం తరఫున పోటీపడననీ తెలియజేశారు.

అప్పటి చైనా ప్రభుత్వం ఆ ఒలింపిక్స్‌కు క్రీడాకారులను పంపే ఆలోచనలో లేదు. ఈశాన్య ప్రాంతపు సైన్యాధిపతి ఝాంగ్ షుయెలియాంగ్ ఇచ్చిన ధనంతో లియు ప్రయాణం సాధ్యపడింది. జులై 8న షాంఘై రేవులో ఓడ ఎక్కిన ఆయన మూడు వారాలు సముద్రం మీద గడిపి, ప్రారంభోత్సవానికి ముందురోజు లాస్ ఏంజెలిస్ చేరుకున్నారు. పరుగు పందేనికి సిద్ధపడే శరీరానికి మూడు వారాల ఓడ ప్రయాణం ఏం చేస్తుందో ఊహించుకోవచ్చు. నూరు మీటర్లలోనూ, రెండు వందల మీటర్లలోనూ తొలి దశలోనే ఆయన వెనుదిరిగారు. అలసట వల్ల నాలుగు వందల మీటర్ల పందెంలో పాల్గొననే లేదు.

అదే నూరు మీటర్ల పోటీలో జపాన్‌కు చెందిన తకయోషి యోషియోకా ఫైనల్ చేరి ఆరవ స్థానం పొందారు. 1935లో ఆయన 10.3 సెకన్లతో అప్పటి ప్రపంచ రికార్డును సమం చేశారు కూడా. ఇక్కడ కాస్త ఆగాలి. ఆసియా శరీరం వేగంగా పరుగెత్తలేదన్న మాట నిజమైతే 1935లోనే ఆ మాట చెల్లకుండా పోవాలి. కానీ చెల్లింది, ఇంకో ఎనభై ఏళ్ళు చెల్లింది. జాతి గురించిన నమ్మకాలు సాక్ష్యాల మీద నిలబడవు కాబట్టి సాక్ష్యాలతో పడిపోవు.

చైనాలో ఆ నమ్మకానికి మరొక రూపం ఉండేది. 'తూర్పు ఆసియా రోగిష్టి' అన్న మాట పందొమ్మిదవ శతాబ్దం చివర రాజకీయ దుస్థితిని వర్ణించడానికి పుట్టి, క్రమంగా చైనీయుల శరీరాలకే అంటుకుంది. బయటివారి నోట వచ్చిన అవమానంగా దానిని గుర్తుంచుకున్నప్పటికీ, దానిని ఎక్కువగా వాడినవారు చైనా సంస్కర్తలే. జాతిని మేల్కొలపడానికి వారు వాడిన కొరడా అది. చైనా క్రీడాచరిత్రపై ఆండ్రూ మోరిస్, షు గువోచీ వంటి పరిశోధకులు చేసిన కృషి ఈ అంశాన్ని విపులంగా చర్చించింది. లియు ఒంటరి ప్రయాణం ఆ భావధారలోకి చేరి, ఓటమి అయినా జాతీయ గాథగా నిలిచింది. 1933లో జాతీయ క్రీడల్లో ఆయన నెలకొల్పిన 10.7 సెకన్ల రికార్డు చైనాలో పాతికేళ్ళపాటు నిలిచింది. ఆ పాతికేళ్ళలో జరిగినవి జపాన్‌తో యుద్ధం, అంతర్యుద్ధం, విప్లవం. రికార్డు నిలవడం ఎప్పుడూ వేగానికే నిదర్శనం కాదు. ఒక్కొక్కసారి దేశం పరుగెత్తే స్థితిలో లేదనడానికీ నిదర్శనం.

చేతి గడియారం, విద్యుత్ గడియారం

1965 అక్టోబరు 24న చోంగ్‌చింగ్ నగరంలో ఛెన్ జియాచ్వాన్ నూరు మీటర్లను 10.0 సెకన్లలో పరుగెత్తారు. ఆనాటి ప్రపంచ రికార్డు కూడా 10.0 సెకన్లే, 1960లో జర్మనీకి చెందిన ఆర్మిన్ హారీ దానిని నెలకొల్పారు. ఆ లెక్కన ఒక చైనీయుడు ప్రపంచ రికార్డును సమం చేశాడు. కానీ ప్రపంచ రికార్డుల పట్టికలో ఛెన్ పేరు లేదు. కారణం పరుగులో లేదు. తైవాన్ ప్రాతినిధ్య వివాదం వల్ల 1958లో చైనా అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం నుంచీ, అంతర్జాతీయ అథ్లెటిక్ సమాఖ్య నుంచీ వైదొలగింది. సభ్యత్వం లేని దేశపు మైదానంలో జరిగిన పరుగుకు ఆమోదముద్ర వేసేవారు లేరు. 1970లో నీ జిచిన్ హైజంప్‌లో 2.29 మీటర్లు దూకినప్పుడూ ఇదే జరిగింది. ఛెన్ పరుగు తరువాతి సంవత్సరం సాంస్కృతిక విప్లవం మొదలై పోటీ క్రీడల వ్యవస్థ కుప్పకూలింది. చైనా ఒలింపిక్ ఉద్యమంలోకి తిరిగి వచ్చేసరికి డెబ్బయ్యవ దశకం ముగుస్తోంది.

ఛెన్ కాలాన్ని ఈనాటి కాలాలతో నేరుగా పోల్చరాదన్నదీ అంతే ముఖ్యం. అప్పటి కాలాలు చేతి గడియారంతో కొలిచినవి. తుపాకి మోత విని బొటనవేలు కదిలేలోగా క్షణంలో కొంత భాగం జారిపోతుంది. నూరు మీటర్ల చేతికొలతకు 0.24 సెకను కలిపితే విద్యుత్ కొలతకు సుమారుగా సరిపోతుందని సాంకేతిక నిపుణులు లెక్కిస్తారు. ఆ ప్రకారం ఛెన్ 10.0 నేటి కొలతలో 10.24 ప్రాంతం. ఇది ఆయనను తగ్గించడం కాదు, హారీ 10.0కూ ఇదే సూత్రం వర్తిస్తుంది. పది సెకన్ల గడప అని మనం పిలిచేది వాస్తవానికి 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో జిమ్ హైన్స్ విద్యుత్ గడియారంపై 9.95 నమోదు చేసినప్పటి నుంచే అర్థవంతమైన గడప.

విద్యుత్ కొలతలో చైనా పురుషుల జాతీయ రికార్డు 1998లో ఝౌ వెయ్ పేరిట 10.17 సెకన్లు. అది పదమూడేళ్ళు కదలలేదు. ఈ మధ్యకాలంలో చైనా మహిళల పరుగు పురుషుల కంటే ఎంతో ముందుండడం గమనార్హం. 1997 షాంఘై జాతీయ క్రీడల్లో లీ షుయెమెయ్ నూరు మీటర్లలో 10.79, రెండు వందల మీటర్లలో 22.01 సెకన్లతో ఆసియా రికార్డులు నెలకొల్పారు. ఆ 10.79 పావు శతాబ్దం దాటినా ఆసియాలో ఎవరికీ అందలేదు. తొంభయ్యవ దశకపు చైనా క్రీడారంగాన్ని ముసురుకున్న ఉత్ప్రేరకాల వివాదాల వల్ల ఆ కాలపు ఫలితాలన్నిటినీ అనుమానపు కళ్ళతో చూడడం పరిశోధకులకు అలవాటైంది. కాని ఆ అనుమానం ఒక్కటే, ఆమె గురించి ఇంత తక్కువ రాయడానికి కారణమని నేను అనుకోను. 'ఆసియా వేగం' అనే జాతీయ కథలో కథానాయకుడిగా పురుషుణ్ణి మాత్రమే ఊహించుకోవడం మరొక కారణం.

ఝోంగ్‌షాన్ నుంచి యూజీన్‌కు

సు బింగ్‌తియాన్ 1989 ఆగస్టు 29న గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలోని ఝోంగ్‌షాన్‌లో జన్మించారు. ఆధునిక చైనా నిర్మాతలలో ఒకరైన సన్ యట్‌సెన్ పుట్టింది ఆ ప్రాంతంలోనే. నగరానికి ఆ పేరు ఆయన జ్ఞాపకార్థమే వచ్చింది. సు కుటుంబం గుఝెన్ అనే పట్టణానికి చెందినది. విద్యుద్దీపాల తయారీకి ప్రసిద్ధమైన పట్టణం అది. పాఠశాల దశలో పరుగు మొదలుపెట్టి, స్థానిక క్రీడా పాఠశాల మీదుగా రాష్ట్ర జట్టుకు, అక్కడి నుంచి జాతీయ జట్టుకు చేరారు. చైనా క్రీడావ్యవస్థలో ఇది సాధారణమైన బాట. జిల్లా క్రీడా పాఠశాల, రాష్ట్ర జట్టు, నాలుగేళ్ళకొకసారి జరిగే జాతీయ క్రీడలు – ఈ నిచ్చెనలో రాష్ట్రాల మధ్య పోటీ అంతర్జాతీయ పోటీకి తీసిపోదు. అయితే పొట్టివాడైన స్ప్రింటర్‌ను ఆ నిచ్చెన సులభంగా పైకి పంపదు. ఉసేన్ బోల్ట్ ఎత్తు 1.95 మీటర్లు. పొడవైన కాళ్ళవాడే పరుగు భవిష్యత్తు అని ఆయన రికార్డుల తరువాత శిక్షకులు అనుకుంటున్న కాలంలోనే సు జాతీయ స్థాయికి వచ్చారు.

2011 సు జీవితంలో మొదటి మలుపు. ఆ యేడు జపాన్‌లోని కోబెలో ఆసియా ఛాంపియన్‌షిప్ గెలిచారు, తరువాత 10.16తో ఝౌ వెయ్ రికార్డును చెరిపారు. తేడా సెకనులో నూరోవంతు. పరుగు చివర ఉండే వేగంలో అది పది పన్నెండు సెంటీమీటర్ల దూరం, మన జానలో సగం. ఆ సగం జానకు చైనా పదమూడేళ్ళు వేచి ఉంది. మరుసటి సంవత్సరం లండన్ ఒలింపిక్స్‌లో సు సెమీఫైనల్ వరకు వెళ్ళారు.

2013లో ఆయన భారతదేశంలో పరుగెత్తారు. ఆ యేటి ఆసియా ఛాంపియన్‌షిప్ మొదట చెన్నైలో జరగవలసి ఉండగా, శ్రీలంక క్రీడాకారుల రాకపై తమిళనాట తలెత్తిన రాజకీయ వివాదం వల్ల పుణెకు మారింది. జులై మొదటి వారంలో బాలేవాడి మైదానంలో సు 10.17తో స్వర్ణం నిలబెట్టుకున్నారు. మన దేశంలో ఆ పరుగును గుర్తుంచుకున్నవారు తక్కువ. పన్నెండేళ్ళ తరువాత, 2025 జులైలో అనిమేష్ కుజూర్ 10.18తో భారత జాతీయ రికార్డు నెలకొల్పినప్పుడు ఆ పుణె పరుగు నాకు మళ్ళీ గుర్తుకు వచ్చింది. రెండింటి మధ్యా మళ్ళీ అదే సగం జాన.

ఆ రోజుల్లో చైనాలో సు ఒక్కరే లేరు. ఝాంగ్ పెయ్‌మెంగ్ 2013 మాస్కో ప్రపంచ ఛాంపియన్‌షిప్ సెమీఫైనల్‌లో సరిగ్గా 10.00 సెకన్లు పరుగెత్తి జాతీయ రికార్డు తన పేర రాసుకున్నారు. గడపమీద కాలు మోపి లోపలికి అడుగు వేయలేకపోయిన స్థితి అది. ఫైనల్ కూడా ఆయనకు అందలేదు. జపాన్‌లోనూ ఇదే నిరీక్షణ. 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కోజీ ఇతో 10.00 దగ్గర ఆగారు. 2013లో యోషిహిదె కిర్యు 10.01 పరుగెత్తినప్పుడు ఆ దేశం మొత్తం లెక్క పెట్టుకుంటూ కూర్చుంది. గడప ముందు ఇంతమంది నిలిచినప్పుడు ఎవరు ముందు దాటుతారన్నది కొంతవరకు గాలి చేతుల్లో ఉంటుంది. 2015 మే 30న అమెరికాలోని యూజీన్‌లో సెకనుకు 1.5 మీటర్ల అనుకూల పవనంతో సు 9.99లో పందెం ముగించి మూడవ స్థానం పొందారు. అనుకూల పవనం 2.0 మించితే రికార్డు చెల్లదు, ఇది చెల్లింది.

'మొదటి ఆసియన్' అనే మాట

చైనా పత్రికలు మరునాడు రాసినది 'పది సెకన్ల లోపు పరుగెత్తిన మొదటి పసుపువర్ణ జాతీయుడు' అని. ప్రపంచ వార్తాసంస్థలు కాస్త జాగ్రత్తగా 'ఆసియాలో పుట్టిన మొదటివాడు' అన్నాయి. ఈ జాగ్రత్త వెనుక ఒక చరిత్ర ఉంది. ఆసియా రికార్డు అప్పటికే పది సెకన్ల లోపు ఉంది. నైజీరియాలో పుట్టి ఖతార్ పౌరసత్వం పొందిన శామ్యూల్ ఫ్రాన్సిస్ 2007 ఆసియా ఛాంపియన్‌షిప్‌లో, జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో, 9.99 పరుగెత్తారు. అదే విధంగా ఖతార్ తరఫున ఫెమి ఒగునోడె 2014 ఇంచియోన్ ఆసియా క్రీడల్లో 9.93తో సును రెండవ స్థానానికి నెట్టారు. 2015లో ఆ రికార్డును 9.91కి తెచ్చారు.

నియమాల ప్రకారం ఫ్రాన్సిస్, ఒగునోడె ఇద్దరూ ఆసియన్లే. ఆసియా అథ్లెటిక్ సంఘం పతకాలు వారికే ఇచ్చింది. అయినా 'నిజమైన' మొదటివాడిని వెదకడం ఆగలేదు. 'ఆసియాలో పుట్టిన' అన్న విశేషణం భౌగోళికంగా కనిపిస్తుంది కాని, దాని పని జాతిని సూచించడమే. 2010లో ఫ్రాన్స్‌కు చెందిన క్రిస్టోఫ్ లెమెత్ర్ 9.98 పరుగెత్తినప్పుడు ఐరోపా పత్రికలు 'మొదటి తెల్లజాతివాడు' అని రాయడంలోనూ ఇదే పని జరిగింది. ఇక ఐరిష్ తండ్రికీ, ఆస్ట్రేలియా ఆదివాసి తల్లికీ పుట్టిన ప్యాట్రిక్ జాన్సన్ 2003లోనే జపాన్‌లోని మితోలో 9.93 పరుగెత్తారు. ఆయనను ఏ గడిలో ఉంచాలో తెలియక ఈ పట్టికలు ఆయనను ఇంచుమించు మరచిపోయాయి. గడులు పరుగుకు ముందే గీసి ఉన్నాయి, పరుగువాడిని తరువాత అందులో ఇరికిస్తారు అనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

ఈ విమర్శ వల్ల సు సాధించినదానికి విలువ తగ్గదు. కానీ దానిని 'జాతి పరిమితిని జయించడం' అని పొగిడేవారు, అటువంటి పరిమితి నిన్నటివరకు ఉండేదని ఒప్పుకుంటున్నారు. అవమానమూ, పొగడ్తా ఒకే పునాది మీద నిలిచాయి. సును కుర్రకారు ప్రేమగా 'సు షెన్' అని, అంటే 'సు దేవుడు' అని, పిలవడంలోనూ ఈ ఛాయ కొంత ఉంది: మానవునికి అసాధ్యమైనది చేశాడని. ఆయన చేసినది మానవునికి సాధ్యమైన పనే. ఎలా చేశారో చూడవచ్చు, కొలవవచ్చు.

పాదం మార్చడం

2014 సీజన్ ముగిశాక సు ఒక సాహసం చేశారు. స్టార్టింగ్ బ్లాక్‌లో ముందు ఉంచే పాదాన్ని మార్చుకున్నారు. పరుగు తెలియనివారికి ఇది చిన్న విషయంగా తోచవచ్చు. పదేళ్ళుగా కుడిచేతితో రాసినవాడు ఎడమచేతికి మారడంతో దీనిని పోల్చవచ్చు. తుపాకి మోగిన క్షణం నుంచి మొదటి పది పదిహేను అడుగుల లయ అంతా ఆ పాదం మీద ఆధారపడి ఉంటుంది. శరీరం మరచిపోవలసినది నేర్చుకోవలసినదానికంటే ఎక్కువ. జాతీయ జట్టులో ఆయన శిక్షకుడు యువాన్ గువోచియాంగ్ మార్గదర్శకత్వంలో ఆ మార్పు జరిగింది. కొద్ది నెలల్లోనే యూజీన్ 9.99 వచ్చింది. అదే ఆగస్టులో బీజింగ్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ సెమీఫైనల్‌లో ఎదురుగాలిలో సు మళ్ళీ 9.99 పరుగెత్తారు. నా దృష్టిలో యూజీన్ కంటే ఈ 9.99 గొప్పది. చివరి స్థానానికి కాలాలు సమం కావడం వల్ల ఆ ఫైనల్‌లో ఎనిమిది మందికి బదులు తొమ్మిది మంది పరుగెత్తారు. సు తొమ్మిదవ స్థానంలో ముగించారు.

2017లో లండన్ ప్రపంచ ఫైనల్‌లో ఎనిమిదవ స్థానం పొందినప్పుడు ఆయన వయస్సు ఇరవై ఎనిమిదికి చేరువలో ఉంది. చాలామంది స్ప్రింటర్లు దిగిపోవడం మొదలయ్యే వయస్సు అది. ఆ యేడాది చివర ఆయన అమెరికన్ శిక్షకుడు రాండీ హంటింగ్టన్ వద్దకు మారారు. హంటింగ్టన్ ప్రసిద్ధి పరుగులో కాదు, లాంగ్‌జంప్‌లో. 1991లో టోక్యోలో మైక్ పవెల్ 8.95 మీటర్లు దూకి నెలకొల్పిన ప్రపంచ రికార్డు వెనుక శిక్షకుడు ఆయనే. దూకేవారి శిక్షకుడు పరుగెత్తేవాడికి ఏం నేర్పగలడు? నేలను తన్నే బలాన్ని, తన్నే దిశను. ఎత్తు తక్కువైన సుకు అంగ పొడవు పెంచే అవకాశం పరిమితం. ఉన్న అంగను నేలమీద వీలైనంత తక్కువ సేపు నిలిపి, వీలైనంత బలంగా వెనక్కి నెట్టడమే మార్గం. నిరోధక యంత్రాలతో, అడుగడుగునూ కొలిచే పరికరాలతో ఈ పని సాగింది.

ఫలితాలు మొదట అరవై మీటర్లలో కనిపించాయి. 2018 మార్చిలో బర్మింగ్‌హామ్ ప్రపంచ ఇండోర్ ఛాంపియన్‌షిప్‌లో సు 6.42 సెకన్లతో ఆసియా రికార్డు నెలకొల్పి, క్రిస్టియన్ కోల్‌మన్ వెనుక రజతం సాధించారు. మూడవ స్థానంలో ఉన్నది రోనీ బేకర్. జూన్‌లో మాడ్రిడ్‌లో 9.91తో ఒగునోడె ఆసియా రికార్డును సమం చేశారు. అంతకు మూడు రోజుల ముందే సహచరుడు షియె ఝెన్‌యె 9.97 పరుగెత్తి జాతీయ రికార్డును సు చేతుల్లోంచి తీసుకున్నారు. అది షియె వద్ద మూడు రోజులే ఉంది. ఆగస్టులో జకార్తా ఆసియా క్రీడల్లో 9.92తో సు స్వర్ణం గెలిచారు.

ఇవన్నీ సాధిస్తూనే గ్వాంగ్‌ఝౌలోని జినాన్ విశ్వవిద్యాలయంలో ఆయన విద్యార్థిగా ఉండి, తరువాత సహాచార్యుడయ్యారు. చైనా పురుషుల నూరు మీటర్ల పరుగు గతాన్నీ భవిష్యత్తునూ సమీక్షిస్తూ 2019లో బీజింగ్ క్రీడా విశ్వవిద్యాలయ పత్రికలో వ్యాసం ప్రచురించారు. తన శరీరమే తన పరిశోధనాంశమైన అధ్యాపకులు అరుదు. ఆ యేడాదే వెన్ను గాయం ఆయనను వెనక్కి లాగింది. 2020లో ఒలింపిక్స్ వాయిదా పడకపోతే టోక్యో కథ ఇలా ఉండేది కాదేమో.

టోక్యో

మళ్ళీ 2021 ఆగస్టు 1. సెమీఫైనల్‌లో సెకనుకు 0.9 మీటర్ల అనుకూల పవనం. తొలి అరవై మీటర్లను సు 6.29 సెకన్లలో దాటినట్లు విశ్లేషకులు లెక్కించారు. నూరు మీటర్ల పరుగులో అంతవరకు నమోదైన వాటిలో అత్యంత వేగవంతమైన ఆరంభాలలో ఒకటిగా దానిని పేర్కొన్నారు. 1932లో యోషియోకా తరువాత ఒలింపిక్ నూరు మీటర్ల ఫైనల్ చేరిన ఆసియా క్రీడాకారుడు సు. ఎనభై తొమ్మిదేళ్ళ క్రితం ఓడ దిగి తొలి దశలోనే వెనుదిరిగిన లియు ఈ పోలికలో యోషియోకా పక్కన నిలవడు. కానీ చైనాలో ఆ రాత్రి ఎక్కువమంది తలచుకున్నది లియునే. జాతీయ జ్ఞాపకం విజేతలనే ఎంచుకోదు.

రెండున్నర గంటల తరువాత ఫైనల్. బ్రిటన్‌కు చెందిన జార్నెల్ హ్యూజ్ ముందుగా కదలడంతో ఆయనను తొలగించి మళ్ళీ మొదలుపెట్టారు. బ్లాక్‌లో నిలిచినవారి నరాలను ఇలాంటి విరామం ఎంత బిగిస్తుందో తెలుగు పాఠకులకు కొంత తెలుసు. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి నూరు మీటర్ల హర్డిల్స్ ఆరంభంలో చైనా క్రీడాకారిణి వు యాన్నీ ముందు కదలికతో చిక్కుల్లో పడి, నిరసన తెలిపి పరుగెత్తి, చివరకు రజతం దక్కించుకుంది. టోక్యోలో సు 9.98తో ఆరవ స్థానంలో నిలిచారు. జేకబ్స్ 9.80తో స్వర్ణం గెలిచారు. సెమీఫైనల్ కాలాన్ని సు మరొకసారి పరుగెత్తి ఉంటే రజతం వచ్చేదన్న లెక్క చైనాలో చాలామంది వేశారు. రజతం కాలం 9.84. ఇటువంటి లెక్కలకు నేను విలువ ఇవ్వను. ముప్ఫై ఒకటేళ్ళ శరీరం ఒకే రాత్రి రెండుసార్లు తన హద్దును తాకాలని కోరడం అత్యాశ. యోషియోకా స్థానం కూడా ఆరే.

సెప్టెంబరులో షియాన్ నగరంలో జరిగిన జాతీయ క్రీడల్లో సు 9.95తో గెలిచారు. తరువాతి సంవత్సరాల్లో గాయాలు ఆయనను వదలలేదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఆయన లేరు.

రిలే పతకం

సు పరుగు జీవితంలో రిలే కథ వేరుగా చెప్పదగినది. 2014 ఇంచియోన్‌లో 37.99 సెకన్లతో చైనా జట్టు స్వర్ణం గెలిచి, ముప్ఫై ఎనిమిది సెకన్ల లోపు పరుగెత్తిన తొలి ఆసియా జట్టు అయింది. 2015 బీజింగ్‌లో అమెరికా జట్టు అనర్హత వల్ల రజతం దక్కింది. నలుగురిలో ఎవరూ అమెరికన్లంత వేగవంతులు కారు. బ్యాటన్ చేతులు మారే ఇరవై చిల్లర మీటర్లలో వారు నష్టపోలేదు, అంతే. వ్యక్తిగత పరుగులో జాతి కథ చెప్పేవారు రిలే గురించి మౌనంగా ఉండడానికి కారణం ఇదే అనుకుంటాను. అభ్యాసమూ, సమయపాలనా, నమ్మకమూ గెలిపించే పోటీలో రక్తం గురించి మాట్లాడడానికి అవకాశం తక్కువ.

టోక్యో రిలే ఫైనల్‌లో తాంగ్ షింగ్‌చియాంగ్, షియె ఝెన్‌యె, సు బింగ్‌తియాన్, వు ఝిచియాంగ్ వరుసగా పరుగెత్తి 37.79తో నాలుగవ స్థానంలో నిలిచారు. సు మూడవ వంతు పరుగెత్తారు. రజతం పొందిన బ్రిటన్ జట్టులో ఒక సభ్యుని పరీక్షలో నిషిద్ధ పదార్థాలు బయటపడ్డాయి. 2022 ఫిబ్రవరిలో క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం ఆ జట్టు ఫలితాన్ని రద్దు చేసింది. కెనడా రజతానికీ, చైనా కాంస్యానికీ పెరిగాయి. ఒలింపిక్ పురుషుల రిలేలో చైనాకు అది మొదటి పతకం. 1965లో చోంగ్‌చింగ్ మైదానంలో పరుగెత్తిన 10.0ను గుర్తించకుండా వదిలినది ఒక సంస్థ కాగితం. అర్ధ శతాబ్దం దాటాక, పరుగు ముగిసి ఆరు నెలలయ్యాక, సు బింగ్‌తియాన్ పేరును ఒలింపిక్ పతక విజేతల పట్టికలో చేర్చినదీ మరొక సంస్థ కాగితమే.